ఒకే అర్థం వచ్చే ఆర్డరు: వార్డులో మందులు ఇచ్చే నర్సులకు మార్గదర్శకం

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ఆసుపత్రుల్లో కొత్తగా వార్డు డ్యూటీలో చేరే నర్సులకు, జీఎన్‌ఎం, బీఎస్సీ నర్సింగ్ చదువుతున్న విద్యార్థులకు ఉపయోగపడాలని ఇది రాస్తున్నాను. ఉదయం రౌండ్స్ ముగిసేసరికి కేస్ షీట్లన్నీ నర్సుల బల్ల మీద గుట్టగా చేరతాయి. వాటిలోని ఆర్డర్లను డ్రగ్ చార్టులోకి ఎక్కించి, మందులు తెప్పించి, ట్రాలీ సర్దుకుని, మంచం మంచానికీ వెళ్లి ఇవ్వాలి. ఈ వరుసలో డాక్టరు చేసిన పొరపాటును ఫార్మసిస్టు పట్టుకోవచ్చు, ఫార్మసిస్టు కళ్లు దాటినదానిని నర్సు పట్టుకోవచ్చు, కానీ నర్సు చేతిలోని సిరంజి ఖాళీ అయిన తరువాత పట్టుకోవడానికి ఇంకెవరూ ఉండరు. అందువల్ల ఆర్డరును ఒకటికి రెండుసార్లు చదవడం కూడా వైద్యంలో భాగమేనని నేను నమ్ముతాను. ఒకే ఒక్క అర్థం వచ్చే ఆర్డరును మాత్రమే అమలు చేయాలి. రెండు విధాలుగా చదవడానికి వీలున్న ఆర్డరు, రాసినది ఎంత పెద్ద డాక్టరైనా సరే, ఇంకా పూర్తి కాని ఆర్డరే.

ఆర్డరు పూర్తిగా ఉందా?

రోగి పూర్తి పేరు, ఐపీ (ఇన్‌పేషెంట్) నంబరు, రాసిన తేదీ, సమయం, మందు పేరు, మోతాదు, ఆ మోతాదు గ్రాములా మిల్లీగ్రాములా యూనిట్లా అన్నది, ఇచ్చే మార్గం, రోజుకు ఎన్నిసార్లు, ఎన్ని రోజులు, చివరగా రాసినవారి సంతకం, ఇవన్నీ ఉన్నాయో లేదో ముందుగా చూడాలి. పిల్లల విషయంలో ఆ రోజు తూచిన బరువు కూడా షీటు మీద ఉండాలి. "పారాసిటమాల్ టీడీఎస్" (రోజుకు మూడుసార్లు) అని మాత్రమే రాసి ఉంటే అది 500 మిల్లీగ్రాముల మాత్రా, 650 మాత్రా, సిరలోకి ఎక్కించే ఒక గ్రాము సీసానా అన్నది ఆ ఆర్డరులో లేదు. మన వార్డులో అలవాటుగా 650 ఇస్తాం కాబట్టి అదే అయి ఉంటుందనుకోవడం ఊహ మాత్రమే. కాలేయ వ్యాధి ఉన్న రోగి దగ్గర ఆ ఊహకు ఖరీదు పెద్దది. డాక్టర్లు మందుల జనరిక్ పేర్లను చదవడానికి వీలుగా, వీలైతే పెద్ద అక్షరాలలో రాయాలని భారత వైద్య మండలి 2016లో తన నియమావళిని సవరించింది. కాబట్టి అర్థం కాని దస్తూరీని మళ్లీ రాయించుకోవడానికి నర్సు సంకోచించనవసరం లేదు.

ఇక్కడ ప్రత్యేకంగా చెప్పవలసినవి మన కేస్ షీట్లలో తరచుగా కనిపించే "సీఎస్‌టీ", "రిపీట్ ఆల్" అన్న ఆర్డర్లు. నిన్నటి వైద్యమే కొనసాగించండి అని వాటి భావం. అయితే నిన్నటి వైద్యంలో ఐదు రోజులకే రాసిన యాంటీబయాటిక్ ఈ రోజు ఆరో రోజులోకి వచ్చి ఉండవచ్చు, ఒక్కసారికే అని రాసిన ఇంజక్షన్ కూడా ఆ జాబితాలోనే ఉండి ఉండవచ్చు, రాత్రి డ్యూటీ డాక్టరు ఆపించిన మందు చార్టులో అలాగే మిగిలిపోయి ఉండవచ్చు. అటువంటి ఆర్డరు వచ్చినప్పుడు మొత్తం జాబితాను డాక్టరు ముందు ఒకసారి చదివి, ఏది కొనసాగాలో, ఏది ఆగాలో విడివిడిగా రాయించుకోవాలి. శస్త్రచికిత్స జరిగిన రోగికి, వేరే వార్డు నుంచి మారి వచ్చిన రోగికి పాత ఆర్డర్లన్నీ రద్దయినట్లే భావించి కొత్తగా రాయించుకోవాలి.

అవసరమైతే ఇవ్వండి అనే అర్థంలో "ఎస్‌ఓఎస్" అని రాసినప్పుడు, ఏ అవసరానికి అన్నది కూడా ఆర్డరులోనే ఉండాలి. జ్వరం 101 డిగ్రీలు దాటితే, ఆరు గంటల వ్యవధి తగ్గకుండా, 24 గంటల్లో నాలుగు సార్లకు మించకుండా అని రాస్తే అది ఆర్డరు. ఇవేవీ లేకుండా మూడు అక్షరాలు మాత్రమే ఉంటే, ఆ నిర్ణయాన్ని రాత్రి రెండు గంటలకు ఒంటరిగా ఉన్న నర్సు మీదికి నెట్టినట్లే. "స్టాట్" అంటే వెంటనే, ఒక్కసారి మాత్రమే. ఇచ్చిన నిమిషాన్ని రాసి ఆ వరుసను మూసివేయాలి. లేకపోతే తరువాతి షిఫ్టులో మరొకరు దానినే మళ్లీ ఇచ్చే ప్రమాదం ఉంది.

పొట్టి అక్షరాలు

మనం రోజూ వాడే పొట్టి అక్షరాలలో చాలావరకు లాటిన్ భాషవి. ఓడీ అంటే రోజుకు ఒకసారి, బీడీ అంటే రెండుసార్లు, టీడీఎస్ అంటే మూడుసార్లు, క్యూఐడీ అంటే నాలుగుసార్లు, హెచ్‌ఎస్ అంటే నిద్రపోయే ముందు, ఏసీ అంటే భోజనానికి ముందు, పీసీ అంటే భోజనం తరువాత అని విద్యార్థులు మొదటి సంవత్సరంలోనే నేర్చుకుంటారు. నేర్చుకోవడంతో పని అయిపోదు. వీటిలో ఏవి మోసం చేస్తాయో తెలిసి ఉండడం అంతకంటే ముఖ్యం. అమెరికాలో ఆసుపత్రులకు గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ 2004లో, వాడకూడని సంక్షిప్తాల జాబితాను తప్పనిసరి చేసింది. ఆ జాబితాలోని ప్రమాదాలన్నీ మన కేస్ షీట్లలో కూడా ఉన్నాయి.

మొదటిది యూనిట్లకు బదులు రాసే ఒంటరి "యు" అక్షరం. ఆ ఆంగ్ల అక్షరం పై కొసలు కలిసిపోతే అచ్చం సున్నలా కనిపిస్తుంది. నాలుగు యూనిట్లు నలభైగా, ఆరు యూనిట్లు అరవైగా మారిపోతాయి. అంతర్జాతీయ యూనిట్లకు రాసే "ఐయు" తొందర దస్తూరీలో సిరలోకి అని అర్థమిచ్చే "ఐవీ"లా కనిపించి, మోతాదు చెప్పవలసిన అక్షరం మార్గాన్ని చెప్పినట్లవుతుంది. ప్రసవం అయిన వెంటనే కండలోకి ఇచ్చే పది యూనిట్ల ఆక్సిటోసిన్ విషయంలో ఈ పొరపాటు ఎంత ప్రమాదమో లేబర్ రూములో పనిచేసినవారికి వేరే చెప్పనక్కరలేదు. ఈ రెండింటికీ ఉపాయం ఒకటే. "యూనిట్లు" అన్న మాటను పూర్తిగా రాయాలి, ఎదుటివారి చేత పూర్తిగా రాయించాలి.

రెండవది దశాంశ బిందువు. ఒక మిల్లీగ్రామును "1.0" అని రాస్తే, ఆ చుక్క గీత మీద పడి కనిపించనప్పుడు అది పది అవుతుంది. అర మిల్లీగ్రామును ముందు సున్న లేకుండా ".5" అని రాస్తే ఐదు అవుతుంది. పూర్ణ సంఖ్య తరువాత చుక్క, సున్న రాయకూడదు. ఒకటి కంటే తక్కువైనప్పుడు చుక్కకు ముందు సున్న తప్పక రాయాలి. డిగాక్సిన్ 0.25 మిల్లీగ్రాముల మాత్రను 250 మైక్రోగ్రాములు అని అక్షరాలలో రాయడం మరింత క్షేమం. మైక్రోగ్రాముకు వాడే గ్రీకు గుర్తు చేతిరాతలో మిల్లీగ్రాములా కనిపిస్తే మోతాదు వెయ్యి రెట్లు పెరుగుతుంది కాబట్టి, ఆ గుర్తును ఎవరు రాసినా చెరిపించి మాటలో రాయించాలి.

మూడవది ఓడీ. సాధారణ వార్డులో దాని అర్థం రోజుకు ఒకసారి. కంటి వైద్యంలో అవే అక్షరాలు కుడి కన్నును సూచిస్తాయి. శుక్లం ఆపరేషన్ అయిన రోగి చీటీలో చుక్కల మందు పక్కన ఓడీ అని ఉంటే, కుడి కంటికి రోజుకు ఎన్నో సార్లు వేయవలసిన మందును రోజుకు ఒక్కసారే వేసి ఊరుకునే అవకాశం ఉంది. కంటికి, చెవికి సంబంధించిన ఆర్డర్లలో కుడి, ఎడమ, రెండూ అన్న మాటలే రాయాలి. రోజూ ఒకసారి అనే అర్థంలో కొందరు రాసే "క్యూడీ"ని కూడా మార్పించాలి. మధ్యలో కలం కాస్త జారితే అది క్యూఐడీ అయి, ఒకటికి నాలుగు మోతాదులు పడతాయి.

ఇంకొన్నిటిని క్లుప్తంగా చెబుతాను. "ఎంఎస్" అని రాస్తే అది మార్ఫిన్ సల్ఫేటో మెగ్నీషియం సల్ఫేటో తెలియదు. "డీసీ" అంటే మందు ఆపమనా, రోగిని ఇంటికి పంపమనా అన్న సందేహం వస్తుంది. "×3డీ" అంటే మూడు రోజులో మూడు మోతాదులో చెప్పలేం. మందు పేరును కుదించి రాసిన ఏ ఆర్డరునూ అంగీకరించకపోవడమే మేలు. పేర్లు కలిసే మందులైన డోపమిన్, డోబుటమిన్‌లను పక్కపక్కన పెట్టకూడదు. అడ్రినలిన్, అట్రోపిన్ ఆంప్యూల్స్‌ను ఎమర్జెన్సీ ట్రేలో వేర్వేరు గళ్లలో ఉంచి, పగలగొట్టే ముందు పేరును పైకి చదవాలి.

టీడీఎస్‌కూ "ఎనిమిది గంటలకొకసారి"కీ ఉన్న తేడాను మాత్రం కాస్త వివరించాలి. టీడీఎస్ అని రాసిన యాంటీబయాటిక్‌ను మనం వార్డు అలవాటు ప్రకారం ఉదయం ఎనిమిదికి, మధ్యాహ్నం రెండుకు, రాత్రి ఎనిమిదికి ఇస్తాం. పగటి పూట ఆరేసి గంటలు, రాత్రి ఏకంగా పన్నెండు గంటలు వ్యవధి వస్తుంది. రక్తంలో మందు స్థాయి నిలకడగా ఉండవలసిన ఇంజక్షన్లకు ఉదయం ఆరు, మధ్యాహ్నం రెండు, రాత్రి పది అని గడియారం సమయాలే చార్టులో వేసుకోవాలి. మిథోట్రెక్సేట్‌ది ఇంతకంటే పెద్ద ప్రమాదం. కీళ్లవాతానికి వారానికి ఒకసారి ఇచ్చే ఆ మాత్రను రోజూ ఇస్తే ఎముక మజ్జ దెబ్బతిని ప్రాణమే పోవచ్చు. "వారానికి ఒకసారి" అన్నది చాలదు. ఏ రోజో, అంటే సోమవారమా, గురువారమా అన్నది పేరు పెట్టి రాయాలి.

ఇన్సులిన్

ఇన్సులిన్ గురించి విడిగా రాయడానికి కారణం నా సొంత అనుభవమే. ఉద్యోగంలో చేరిన తొలి రోజుల్లో, ఒక ఆసుపత్రి మెడికల్ వార్డులో రాత్రి డ్యూటీ చేస్తూ, "4 యు" అని రాసినదాన్ని 40గా చదివి, ఎర్రమూత సిరంజిని నిండా నింపుకుని ఒక పెద్దావిడ మంచం దగ్గరకు వెళ్లాను. ఆవిడ సిరంజి వైపు చూసి, "రోజూ ఇంత మందు ఎయ్యరు గదమ్మా, ఈయాల ఇంతుందేటి?" అని అడిగింది. ఆ ఒక్క మాట ఆవిడను కాపాడింది, నన్నూ కాపాడింది. రోగి గాని, పక్కనున్న బంధువు గాని "ఈ మాత్ర రంగు వేరుగా ఉంది", "ఈ సూది పొద్దున వేశారు కదా" అన్నప్పుడు చేతిలోని పని ఆపి, వెనక్కి వచ్చి, కేస్ షీటు తెరిచి చూడాలి. సర్ది చెప్పి ఇచ్చేయకూడదు. ఇన్నేళ్లలో ఆ నియమాన్ని నేను ఒక్కసారి కూడా తప్పలేదు.

మన దేశంలో ఇన్సులిన్ వయల్స్ రెండు రకాల గాఢతలో దొరుకుతాయి. ఒకటి మిల్లీలీటరుకు 40 యూనిట్లు, మరొకటి 100 యూనిట్లు. 40 వయల్‌కు ఎర్రమూత సిరంజి, 100 వయల్‌కు నారింజరంగు మూత సిరంజి వాడాలి. 100 వయల్ నుంచి ఎర్రమూత సిరంజితో 20 గీత వరకు తీస్తే అర మిల్లీలీటరు వస్తుంది, అందులో ఉండేది 50 యూనిట్లు. తారుమారుగా 40 వయల్ నుంచి నారింజమూత సిరంజితో 20 గీత వరకు తీస్తే 8 యూనిట్లే వస్తాయి. మొదటి పొరపాటులో రోగి చక్కెర పడిపోయి స్పృహ తప్పుతాడు, రెండవదానిలో చక్కెర తగ్గక, కారణం తెలియక, డాక్టరు మోతాదు పెంచుకుంటూ పోతారు. ఇన్సులిన్ సిరంజి లేదని మామూలు సిరంజితో లెక్క కట్టి తీయడాన్ని ఏ పరిస్థితిలోనూ అనుమతించకూడదు. తీసిన మోతాదును మరొక నర్సుకు వయల్‌తో సహా చూపించి, చక్కెర పరీక్ష ఫలితాన్ని, భోజనం వచ్చిందో లేదో చూసుకున్న తరువాతే ఇవ్వాలి.

లెక్క

కావలసిన మోతాదును చేతిలో ఉన్న గాఢతతో భాగించి, ఆ గాఢత ఉన్న ద్రవ పరిమాణంతో హెచ్చించడం అన్నది అందరికీ తెలిసిన సూత్రమే. తప్పు జరిగేది సూత్రంలో కాదు, లేబులు చదవడంలో. ఎనిమిది కిలోల బిడ్డకు కిలోకు 15 మిల్లీగ్రాముల చొప్పున 120 మిల్లీగ్రాముల పారాసిటమాల్ కావాలనుకుందాం. ఐదు మిల్లీలీటర్లలో 125 ఉన్న సిరప్ అయితే 4.8 మిల్లీలీటర్లు, 250 ఉన్నదైతే 2.4, మిల్లీలీటరుకు 100 ఉన్న చుక్కల మందు అయితే 1.2 మాత్రమే. "ఐదు మిల్లీలీటర్లు పట్టండి" అన్న ఆర్డరుతో చుక్కల మందు సీసా తీసుకుంటే ఆ బిడ్డకు నాలుగు రెట్లకు పైగా పడుతుంది. అందుకే పిల్లల ఆర్డరులో మిల్లీలీటర్లతో పాటు మిల్లీగ్రాములు కూడా రాయించుకోవాలి.

గుర్రపువాతం (ఎక్లాంప్సియా) వచ్చిన గర్భిణికి ఇచ్చే మెగ్నీషియం సల్ఫేట్ 50 శాతం ద్రావణంగా రెండు మిల్లీలీటర్ల ఆంప్యూల్స్‌లో వస్తుంది. ఒక ఆంప్యూల్‌లో ఒక గ్రాము ఉంటుంది. సిరలోకి నాలుగు గ్రాములు ఇవ్వాలంటే నాలుగు ఆంప్యూల్స్, అంటే 8 మిల్లీలీటర్లు తీసి, 12 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్ కలిపి 20 చేసి, నెమ్మదిగా ఇస్తాం. పలచన చేయకుండా సిరలోకి ఇవ్వకూడదు. కండలోకి అయితే రెండు పిరుదులకూ ఐదేసి గ్రాములు లోతుగా, పలచన చేయకుండా ఇస్తాం. ఒకే ఆంప్యూల్ రెండు మార్గాలలో రెండు విధాలుగా వెళుతుంది కాబట్టి, "మాగ్‌సల్ఫ్ ఇవ్వండి" అన్న మాట మీద దీనిని ఎన్నడూ మొదలుపెట్టకూడదు. తరువాతి ప్రతి మోతాదుకు ముందు మోకాలి ప్రతిచర్య ఉందా, శ్వాస నిమిషానికి 16 కంటే తగ్గలేదా, మూత్రం గంటకు 30 మిల్లీలీటర్లకు తగ్గలేదా అని చూసి, విరుగుడుగా ఇచ్చే కాల్షియం గ్లూకోనేట్ పక్కనే పెట్టుకోవాలి.

సెలైన్ చుక్కల లెక్కలో సెట్టును (సెలైన్ ఎక్కించే గొట్టాన్ని) చూడడం మరిచిపోవద్దు. మిల్లీలీటరుకు 20 చుక్కల సెట్టుతో 500 మిల్లీలీటర్లు నాలుగు గంటల్లో ఎక్కాలంటే నిమిషానికి సుమారు 42 చుక్కలు పడాలి. 60 చుక్కల మైక్రో సెట్టుతో అయితే 125.

రోగి ఎవరు?

మన ప్రాంతంలో ఇది చిన్న ప్రశ్న కాదు. అరసవల్లి స్వామి పేరు పెట్టుకున్న సూర్యనారాయణలు శ్రీకాకుళం వార్డులో ఒకేసారి ఇద్దరు ఉండడం, పైడితల్లి అమ్మవారి పేరున్న పైడిరాజులు, పైడమ్మలు విజయనగరం వార్డులో ముగ్గురేసి ఉండడం మామూలే. అప్పలనాయుళ్ల సంగతి చెప్పనే అక్కరలేదు. మంచం నంబరు నమ్మదగినది కాదు, ఫ్యాను గాలి కోసం రోగులు మంచాలు మారుతూనే ఉంటారు. "సూర్యనారాయణ గారేనా?" అని అడిగితే, వినపడని తాత కూడా "ఆ" అంటాడు. "తాతా, మీ పేరు చెప్పండి, తండ్రి పేరు చెప్పండి, ఏ ఊరు?" అని అడిగి, ఆయన నోటి నుంచి వచ్చిన సమాధానాన్ని ఐపీ నంబరుతో సహా చార్టుతో పోల్చుకోవాలి. ఇచ్ఛాపురం వైపు ఒడియా మాట్లాడేవారు, మందస, మెళియాపుట్టి కొండల నుంచి వచ్చే సవర కుటుంబాలు ఉన్నప్పుడు, వారి భాష తెలిసిన వారిని పక్కన ఉంచుకుని అడగాలి. అలర్జీ ఉందా అన్న ప్రశ్న కూడా అదే సమయంలో, "ఎప్పుడైనా సూది వేస్తే దద్దుర్లు గాని, ఆయాసం గాని వచ్చిందా?" అని వారికి తెలిసిన మాటల్లో అడగాలి.

మార్గం

సిరలోకి ఇచ్చే ఇంజక్షన్‌ను మన వార్డుల్లో "నరానికి" అంటాం, కండలోకి ఇచ్చేదానిని "కండకు" అంటాం. రోగులతో మాట్లాడేటప్పుడు ఆ మాటలే సరైనవి, కానీ షీటు మీద మార్గం స్పష్టంగా రాసి ఉండాలి. ఒకే మందు మార్గం మారితే మోతాదు మారుతుంది, వేగం మారుతుంది, ఒక్కొక్కసారి మందే విషమవుతుంది. గుండె కవాటాల వ్యాధి ఉన్న పిల్లలకు, పెద్దలకు మూడు వారాలకొకసారి ఇచ్చే బెంజాథిన్ పెన్సిలిన్ కండలోకి మాత్రమే ఇవ్వాలి. పాలలా తెల్లగా ఉండే ఆ మందు సిరలోకి వెళితే గుండె ఆగిపోవచ్చు. పెన్సిలిన్ అన్న మాట ఒకటే కాబట్టి, సిరలోకి ఇచ్చే క్రిస్టలిన్ రకాన్నీ దీనినీ ఒకే అరలో పెట్టకూడదు. పెద్దవారి మోతాదు 12 లక్షల యూనిట్లు. కొన్ని లేబుళ్ల మీద 1.2 మిలియన్ అని ఉంటుంది, రెండూ ఒకటేనని విద్యార్థులకు ముందే చెప్పి ఉంచాలి.

ఇంజక్షన్ ఇచ్చిన కొద్ది నిమిషాల్లో దద్దుర్లు, ఆయాసం, బీపీ పడిపోవడం కనిపిస్తే అడ్రినలిన్ పెద్దవారికి అర మిల్లీగ్రాము, అంటే మిల్లీలీటరుకు ఒక మిల్లీగ్రాము ఉన్న ఆంప్యూల్ నుంచి అర మిల్లీలీటరు, తొడ బయటి వైపు కండలోకి ఇవ్వాలి. గుండె ఆగినప్పుడు సిరలోకి ఇచ్చే ఒక మిల్లీగ్రాము మోతాదు ఇది కాదు. ఆ రెండింటినీ కలగలిపి, గుండె కొట్టుకుంటున్న రోగికి ఆంప్యూల్ మొత్తం సిరలోకి తోసిన సందర్భాలు వైద్య లోకానికి కొత్తవి కావు. పొటాషియం క్లోరైడ్ ఆంప్యూల్‌ను సిరంజితో నేరుగా సిరలోకి ఎన్నడూ తోయకూడదు. పది మిల్లీలీటర్ల 15 శాతం ఆంప్యూల్‌లో 20 మిల్లీ ఈక్వివలెంట్లు ఉంటాయి. దానిని సెలైన్ సీసాలో కలిపి, బాగా కుదిపి, కలిపిన మోతాదును సీసా మీద రాసి, నెమ్మదిగా ఎక్కించాలి. ఆ ఆంప్యూల్స్‌ను డిస్టిల్డ్ వాటర్ ఆంప్యూల్స్ పక్కన పెట్టకపోవడం ఇన్‌ఛార్జి సిస్టర్ బాధ్యత.

నాట్ల రోజుల్లో పాముకాటు కేసులు వరుసగా వస్తాయి. పాము విషానికి విరుగుడు మందును సిరలోకే ఇవ్వాలి, కాటు పడిన చోట గాని, కండలోకి గాని ఇవ్వకూడదు. పిల్లలకూ పెద్దలకూ మోతాదు ఒకటే, బరువును బట్టి తగ్గించకూడదు. రక్తం గడ్డకట్టని స్థితిలో ఉన్న ఈ రోగులకు, ప్లేట్‌లెట్లు పడిపోయిన డెంగీ రోగులకు నొప్పి కోసం కండలోకి ఇంజక్షన్ రాసి ఉంటే, ఇచ్చే ముందు డాక్టరును అడగాలి. కుక్కకాటు టీకా చర్మంలోకి అయితే 0.1 మిల్లీలీటరు చొప్పున రెండు భుజాలకు ఇస్తాం, పిరుదుకు ఎన్నడూ ఇవ్వం. బీసీజీ నెలలోపు శిశువుకు ఎడమ భుజం చర్మంలోకి 0.05 మిల్లీలీటరే. పిరుదుకు ఇచ్చే ఇంజక్షన్ పై బయటి భాగం దాటి కిందికి, లోపలికి జరిగితే తొడ వెనుక నడిచే పెద్ద నాడికి తగిలి పాదం వేలాడిపోవచ్చు కాబట్టి, చీర కాస్త పక్కకు జరిపి అంచనాతో పొడవకూడదు. తెర అడ్డుపెట్టి, చోటు పూర్తిగా కనిపించేలా చేసుకోవాలి.

నోటి ద్వారా ఇచ్చేవి తేలికని అనుకోవద్దు. నాలుక కింద పెట్టే మాత్రను నీళ్లతో మింగిస్తే ఛాతీ నొప్పికి అది వెంటనే పనిచేయదు. పేరు చివర ఎస్‌ఆర్, ఎక్స్‌ఆర్, సీఆర్ అని ఉన్న మాత్రలను ముక్కు గొట్టం కోసం నూరితే రోజంతా నెమ్మదిగా విడుదల కావలసిన మందు ఒక్కసారిగా పడుతుంది. ఫెనిటాయిన్‌ను నార్మల్ సెలైన్‌లోనే కలపాలి, డెక్స్‌ట్రోస్‌లో కలిపితే అది గడ్డలుగా మారుతుంది.

ఉద్దానం రోగి

కిడ్నీ జబ్బులు ఎక్కువగా కనిపించే ఉద్దానం ప్రాంతంలోని కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల నుంచి వచ్చే రోగి ఏ వార్డులో చేరినా, ఏ జబ్బుతో చేరినా, కిడ్నీల పనితీరును చూపే రక్తపరీక్ష అయిన క్రియాటినిన్ అతనికి ఎంత అన్నది మందుల చార్టు తెరిచే ముందు చూడడం నాకు అలవాటు. కిడ్నీలు దెబ్బతిన్నా పైకి ఏమీ తెలియకుండా ఒళ్లునొప్పులని వచ్చేవారు వీరిలో ఎందరో. డైక్లోఫెనాక్ వంటి నొప్పి మందులు, జెంటామైసిన్, అమికాసిన్ వంటి ఇంజక్షన్లు, మెట్‌ఫార్మిన్, పొటాషియం, మెగ్నీషియం, వీటిలో ఏది రాసి ఉన్నా ఫలితం చూపించి అడగాలి. డయాలసిస్ కోసం ఫిస్టులా చేసిన (సిరను ధమనికి కలిపిన) చేతికి క్యాన్యులా పెట్టకూడదు, రక్తం తీయకూడదు, బీపీ పట్టీ కూడా చుట్టకూడదు. ఆ చేయే వారికి జీవనాధారం. డయాలసిస్‌లో వాడే హెపారిన్ మిల్లీలీటరుకు 1,000 యూనిట్లు, 5,000 యూనిట్లు అని రెండు గాఢతలలో, చూడడానికి ఒకేలా ఉండే వయల్స్‌లో వస్తుంది కాబట్టి, వయల్ మీది అంకెను ఇద్దరు చదవాలి.

ఫోన్ ఆర్డర్లు, ప్రశ్నలు

డాక్టరు రాలేని అత్యవసర సమయంలోనే ఫోన్ ఆర్డరు తీసుకోవాలి. వింటూనే రాసుకుని, రాసుకున్నది తిరిగి చదివి, "అవును" అనిపించుకోవాలి. ఆంగ్లంలో ఫిఫ్టీన్, ఫిఫ్టీ ఎలా కలుస్తాయో, తెలుగులో ఇరవై, అరవై అలాగే కలుస్తాయి. అందుకే అంకెలను విడదీసి, "రెండు, సున్న, ఇరవై" అని చదవాలి. వీలైతే మరొక నర్సు కూడా వినాలి. సమయం, డాక్టరు పేరు రాసి, 24 గంటల్లోగా సంతకం తీసుకోవాలి.

సందేహం వచ్చినప్పుడు అడగడం కొత్త నర్సుకు కష్టంగా ఉంటుందని నాకు తెలుసు. "ఇది తప్పండి" అనడం కంటే చూసినదానిని చెప్పడం సులువు. "సార్, 12వ మంచం అమ్మగారికి క్రియాటినిన్ 3.2 ఉంది, అమికాసిన్ 750 రోజుకు రెండుసార్లు రాసి ఉంది. ఇవ్వమంటారా, మోతాదు మారుస్తారా?" అని అడిగితే ఏ డాక్టరైనా ఆగి చూస్తారు. సమాధానం సంతృప్తిగా లేకపోతే ఇన్‌ఛార్జి సిస్టర్‌కు, ఆ తరువాత సీనియర్ డాక్టరుకు చెప్పి, అంతవరకు మందు ఆపి, ఎందుకు ఆపారో షీటులో రాయాలి.

ఇచ్చిన తరువాత

మందు ఇచ్చిన తరువాతే సంతకం పెట్టాలి, ట్రాలీ దగ్గర ముందే అన్నింటికీ పెట్టేయకూడదు. తాను తీయని సిరంజిలోని మందును ఎవరూ ఇవ్వకూడదు. రోగి వద్దన్నా, వాంతి చేసుకున్నా, మందు దొరకకపోయినా ఆ గడిని ఖాళీగా వదలకుండా కారణం రాయాలి. ఖాళీ గడిని చూసి తరువాతి షిఫ్టు రెండో మోతాదు ఇచ్చే అవకాశం ఉంది. పొరపాటు జరిగితే మొదట రోగిని చూడాలి, వెంటనే డాక్టరుకు చెప్పాలి, జరిగినది జరిగినట్లు రాయాలి. మందు వల్ల అనుకోని దుష్ఫలితం కనిపిస్తే నర్సులు కూడా భారత ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమానికి 1800-180-3024 నంబరుకు తెలియజేయవచ్చు.

ఇంటికి పంపేటప్పుడు చీటీ మీది 1-0-1 ను (పొద్దున ఒకటి, మధ్యాహ్నం వద్దు, రాత్రి ఒకటి అని) మాటల్లోకి మార్చి చెప్పాలి. పొలం పనికి పొద్దున్నే చల్దన్నం తిని వెళ్లి, మళ్లీ సాయంత్రం వచ్చి తినేవారికి "భోజనం తరువాత మూడుసార్లు" అంటే రెండుసార్లుగానే మిగులుతుంది. పరగడుపున వేసుకోవలసిన మాత్రను వేరే పొట్లంలో కట్టి, చదువు రానివారికి పొట్లం మీద సూర్యుడిని, చంద్రుడిని గీసి ఇవ్వాలి. చివరగా, "అమ్మా, ఇంటికెళ్లాక ఈ మాత్రలు ఎలా వేసుకుంటావో ఒకసారి నువ్వే నాకు చెప్పు" అని అడిగి, ఆమె సరిగా చెప్పేవరకు ఆ పొట్లాలను ఒక్కొక్కటిగా మళ్లీ చూపించాలి.